మాట చెల్లువారి మాట
ఎయిడ్స్ నివారణమును, మద్యమును గూర్చి మనస్తత్వ శాస్త్రజ్ఞులు గావించిన పరిశోధనలు

క్రొత్త విత్తనము ఒక ఊరిలోనికి ఏ విధముగ ప్రవేశించునో పంచాయతీ సభ్యులకు మేము చెప్పవలసిన పని లేదు. వ్యవసాయశాఖ ఉద్యోగి వచ్చి చెప్పును. ఎరువుల దుకాణదారుడు చెప్పును. గోడ మీది కాగితము చెప్పును. రైతు అన్నియు వినును. వినియు విననట్లే ఉండును. పిదప ఒకనాడు పొరుగు చేని గట్టున నిలిచి పైరును తేరిపార చూచి, ఆ చేని ఆసామిని "ఎకరాకి ఎంత దిగిందేమిటి?" అని అడుగును. మరుసటి యేడు ఆ విత్తనము అతని యింట నుండును.

ఈ సంగతిని అమెరికాలోని అయోవా రాష్ట్రమున బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను ఇరువురు సామాజిక శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూచి 1943వ సంవత్సరమున ప్రకటించిరి. సంకర జాతి మొక్కజొన్నను గూర్చి వారు 259 మంది రైతులను విచారించిరి. 1928 మొదలు 1941 లోపల ఇద్దరు తప్ప అందరును ఆ విత్తనమును వాడసాగిరి. విత్తనమును గూర్చి మొట్టమొదట ఎవరి వలన వింటిరని అడుగగా, విత్తనములు అమ్ము కంపెనీవారి వలన అని ఎక్కువ మంది చెప్పిరి. వాడుటకు మనసు ఒప్పినది ఎవరి మాట వలన అని అడుగగా, పొరుగు రైతు మాట వలన అని చెప్పిరి. అదే రాష్ట్రమున ఒక రైతుబిడ్డడు ఎవరెట్ రోజర్స్. ఆయన తండ్రి సంకర విత్తనమును చాల కాలము నమ్మలేదు. 1936వ సంవత్సరపు అనావృష్టిలో తన చేను ఎండిపోయి, పొరుగువారి సంకరపు పైరు నిటారుగ నిలుచుటను చూచిన తరువాతనే నమ్మినాడు. ఆ కుమారుడు పెద్దవాడై, క్రొత్త పద్ధతులు జనులలో ఎట్లు వ్యాపించునో వివరించుచు 1962లో వ్రాసిన గ్రంథము ఈనాటికిని ప్రమాణముగ నిలిచియున్నది.

విత్తనమునకును ఎయిడ్స్ వ్యాధికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. ఆ సంబంధమును కనుగొన్నవాడు జెఫ్రీ కెల్లీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు.

1981లో అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి మొదటిసారి బయటపడినది. దానికి కారణమగు సూక్ష్మజీవిని 1983లో గుర్తించిరి. దానిపై మొదటి ఔషధము 1987 వరకు రాలేదు. వచ్చిన ఔషధమును ఒంటరిగ వ్యాధిని నిలుపజాలక పోయినది. అప్పుడు మానవుని చేతిలోనున్న సాధనము ఒక్కటే, నడవడి మార్చుకొనుట. పెద్ద నగరములలో పురుషులతో సంబంధముగల పురుషులు తమలో తాము సంఘములు పెట్టుకొని చాలవరకు జాగ్రత్తపడుచుండిరి. కాని దక్షిణ రాష్ట్రములలోని చిన్న పట్టణములలో అట్టివారు ఇరుగుపొరుగునకు భయపడి దాగియుండిరి. వారికి సంఘము లేదు, సభ లేదు. ఒకరినొకరు కలిసికొను చోటు మద్యశాల ఒక్కటే. వారికి వ్యాధిని గూర్చిన వివరములు తెలియక కాదు. పత్రికలలో చదివియే యుండిరి. తెలిసియు మారలేదు. తెలియుటకును మారుటకును నడుమ ఏమున్నదన్నదే కెల్లీగారి ప్రశ్న.

మిసిసిపీ, లూసియానా రాష్ట్రములలోని మూడు చిన్న పట్టణములను ఆయన ఎన్నుకొనిరి. ఒక పట్టణమున ప్రయోగము. తక్కిన రెండు పోల్చి చూచుటకు. ప్రయోగపు పట్టణమున ఆయన సభ పెట్టలేదు, ఉపన్యాసము చేయించలేదు. మద్యశాలలో పానీయములు అందించు పనివారిని పిలిచి, వచ్చిపోవువారిలో నలుగురును ఎవరి చుట్టు చేరుదురో, ఎవరిని అందరును నవ్వుచు పలుకరింతురో కొన్ని దినములు గమనించి పేర్లు చెప్పుడని కోరిరి. పలువురు పనివారు ఏకముగ చెప్పిన పేర్లనే తీసికొనిరి. విద్యావంతులను కాని, ధనవంతులను కాని వెదుకలేదు. ఎన్నికైనవారు తమ స్నేహితులను ఒక్కొక్కరిని వెంటబెట్టుకొని రాగా 40 మందికి పైగా సమకూడిరి.

వీరికి వారమునకొక పర్యాయము, గంటన్నర చొప్పున, నాలుగు వారములు శిక్షణ గరపిరి. ఆ శిక్షణయందు వ్యాధిని గూర్చి నేర్పినది కొంచెమే. ఎక్కువ భాగము మాట యెట్లు ఎత్తవలెనో నేర్పుటయే. "నీవు ఇట్లు చేయవలెను" అనరాదు. "నేను ఇట్లు చేయుచున్నాను, మొదట సిగ్గుపడితిని, ఇప్పుడు అలవాటైనది" అనవలెను. భయపెట్టరాదు. ఎదుటివాడు ఎగతాళి చేసినచో ఏమనవలెనో ముందుగనే ఒకరితో ఒకరు ఆడి చూచుకొనిరి. పిమ్మట ఒక్కొక్కరు కనీసము 14 మంది పరిచయస్థులతో ఇట్టి సంభాషణ జరుపుటకు మాట యిచ్చిరి. వారి చొక్కాకు కూడలిలోని ఎర్ర, పసుపుపచ్చ, ఆకుపచ్చ దీపముల బొమ్మగల బిళ్ళ తగిలించిరి. అదే బొమ్మ మద్యశాల గోడ మీదను అంటించిరి. బిళ్ళ మీద ఉపదేశ వాక్యమేమియు లేదు. చూచినవాడు "ఇదేమిటి?" అని తానే అడుగును. అడిగినవానికి జవాబు చెప్పుట, అడుగనివానికి నీతి చెప్పుటకంటె ఎన్ని రెట్లు సులువో ఊరిపెద్దలకు తెలియును.

1991లో ప్రకటించిన ఫలితములు ఇవి. ప్రయోగమునకు ముందు రెండు మాసములలో నిరోధ్ లేకుండ ప్రమాదకరమైన కలయికలో పాల్గొన్నవారు నూటికి 36.9 మంది. ప్రయోగము తరువాత ఆ సంఖ్య 27.5కు దిగినది, అనగా నాలుగవ వంతు తగ్గినది. నిరోధ్ వాడకము పెరిగినది. ఒకరికి మించి సహచరులు గలవారి సంఖ్య తగ్గినది. తక్కిన రెండు పట్టణములలో చెప్పుకొనదగిన మార్పు లేదు. ఆ తరువాత ఎనిమిది చిన్న నగరములలో, నాలుగింట ప్రయోగము చేసి నాలుగింటిని పోలికకుంచి పరీక్షించి, అనుకూల ఫలితములనే 1997లో ప్రకటించిరి. ఇక్కడ గమనింపదగినది, శిక్షణ పొందినవారు మాత్రమే మారుట కాదు. శిక్షణ శాలలో అడుగు పెట్టనివారిని, మద్యశాలకు వచ్చిపోవు పురుషులందరిని, విచారించి తీసిన లెక్కలివి. మాట ఒకరి నుండి ఒకరికి నడచి పోయినది.

ప్రచారశాఖలో కాలము గడుపుచున్న మాకు ఈ ఫలితము కొంచెము చేదుగ తోచిన మాట దాచము. మా గోడపత్రికలు, మా చలనచిత్రముల బండి, మా మైకు అన్నియు అయోవాలోని విత్తనపు కంపెనీవారి వంటివే. సమాచారమును చేరవేయును. మనసు ఒప్పించునది వేరొకరు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమునకు ఎయిడ్స్ నివారణను గూర్చి మాటలాడుటకు పోయితిమి. పాఠశాల ఆవరణలో మైకు కట్టి గంటసేపు మాటలాడితిమి. చిత్రపటములు చూపితిమి. చివర "ఎవరికైన సందేహమున్న అడుగవచ్చు" నంటిమి. స్త్రీలు తల వంచుకొనిరి. పురుషులు ఒకరి నొకరు చూచుకొనిరి. ఎవ్వరును అడుగలేదు. సభ జయప్రదముగ జరిగినదని నివేదిక వ్రాసితిమి. తిరుగు ప్రయాణమున మా జీపు డ్రైవరు చెప్పినాడు, తాను టీకొట్టు దగ్గర నిలుచుండగ ఒక మనుష్యుడు ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగెనని. ఆ ప్రశ్న ఏదో, మా డ్రైవరు దానికి ఏమి చెప్పెనో, ముందు చెప్పుదుము. గంటసేపు మైకు ముందు నిలిచిన మమ్ము అడుగక, టీ త్రాగుచున్న డ్రైవరు నడిగినాడన్న మాట మాత్రము ఇక్కడ చాలును.

కెల్లీగారి పద్ధతి మన దేశమునకును వచ్చినది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థవారు దానిని చైనా, భారత్, పెరు, రష్యా, జింబాబ్వే అను ఐదు దేశములలో పరీక్షించిరి. చైనాలో అంగడివీధుల దుకాణదారులు, రష్యాలో వృత్తివిద్యాలయపు వసతిగృహములలోని విద్యార్థులు, జింబాబ్వేలో పల్లెల నడుమ వెలసిన చిన్న వ్యాపార కేంద్రములు. మన దేశమున దీనికి చెన్నపట్టణమును ఎన్నుకొనిరి. 1986లో మన దేశమున హెచ్.ఐ.వి. సోకిన మొదటి వ్యక్తులను గుర్తించిన డాక్టరు సునీతి సోలమన్‌గారు పనిచేసిన నగరమది. ఆమె స్థాపించిన సంస్థయే అక్కడ ఈ పనికి పూనుకొన్నది. చెన్నపట్టణమున పరిశోధకులు ఎంచుకొన్న స్థలము వైన్ షాపు. పేటలలోని పురుషులు పనినుండి వచ్చుచు స్నేహితులతో కూడుకొను చోటు అది. అచ్చట ఒకే గ్లాసు చేతులు మారును; ఒకే పొట్లములోని పల్లీలు నలుగురు తిందురు; ఇంట ఎత్తని మాటలు అక్కడ ఎత్తుదురు. త్రాగిన మీదట పరాయి స్త్రీల పొందునకు పోవువారు నిరోధ్ మాట మరచుచున్నారని అక్కడి పరిశోధకులు గుర్తించిరి.

పరీక్షాఫలితములు 2010లో వెలువడినవి. మాట చెల్లువారికి శిక్షణ యిచ్చిన చోటులందు ప్రమాదకరమైన నడవడి సుమారు మూడవ వంతు, అంతకు మించియు తగ్గినది. శిక్షణ యివ్వని చోటులందును అంతే తగ్గినది! రెంటికిని చెప్పుకొనదగిన భేదము లేదు. అనగా ఐదు దేశములలో, ఎన్నో సంవత్సరములు శ్రమించి చేసిన పరీక్షయందు కెల్లీగారి పద్ధతి తనకు ప్రత్యేకమైన మేలును నిరూపించుకొనలేక పోయినది. అంతకు ముందు బ్రిటనులో లండను, గ్లాస్గో నగరములందు చేసిన ప్రయత్నములును ఫలింపలేదు.

ఇట్టి వార్తను ప్రచార పత్రికలు సామాన్యముగ వ్రాయవు. మేము వ్రాయుటకు కారణము కలదు. ఆ ఓటమిలో జయించిన పాఠముకంటె ఎక్కువ ఉపయోగపడు పాఠమున్నది. పోలికకుంచిన చోటులను పరిశోధకులు గాలికి వదలలేదు. అక్కడి ప్రజలకును వ్యాధిని గూర్చి వివరముగ చెప్పిరి, రక్తపరీక్ష చేయించిరి, పరీక్షకు ముందును తరువాతను ఒక్కొక్కరిని ఒంటరిగ కూర్చుండబెట్టి మాటలాడిరి, సుఖవ్యాధులకు చికిత్స చేయించిరి, నిరోధ్ అందుబాటులో నుంచిరి. ఇన్ని చేసిన చోట నడవడి మారినది. మాటకును సేవకును పోటీ పెట్టగ, రెండును సమముగ నిలిచినవని మేము గ్రహించుచున్నాము. పరీక్షాకేంద్రము తలుపు మూసియున్న ఊరిలో పెద్దల మాట ఎంత మంచిదైనను పోయి తట్టుటకు తలుపుండదు గదా.

మరియొక మాట. బ్రిటనులోని ఓటమికి సమాధానము చెప్పుచు కెల్లీగారు, శిక్షణ పొందినవారు చాల కొద్దిమంది అగుట దానికొక కారణమనిరి. ఆయన లెక్క ప్రకారము ఒక సమూహమున నూటికి కనీసము 15 మంది ఈ మాట మాటలాడవలెను. దీనిని మన ఊరికి అన్వయించి చూడుడు. 1,000 మంది వయోజనులున్న గ్రామమున 150 మంది కావలెను. పంచాయతీ సభ్యులు పదిమందియో, పన్నెండుమందియో. సర్పంచి, వార్డు సభ్యులు, ఆశా కార్యకర్త, ఉపాధ్యాయుడు అందరును కలిసినను ఇరువదికి మించరు. కావున క్షౌరశాల నడుపువాడు, ఆటో తోలువాడు, కల్లు గీయువాడు, దర్జీ, కూలీల ముఠామేస్త్రి, పొదుపు సంఘపు నాయకురాలు, క్రికెట్ ఆడు యువకులలో పెద్దవాడు వీరందరును లెక్కలోనికి రావలెను. వీరి పేర్లు ఎవరు చెప్పగలరు? కెల్లీగారికి మద్యశాల పనివాడు చెప్పినాడు. మన ఊరిలో టీకొట్టు యజమానిని అడిగిన తెలియును. పంచాయతీ కార్యాలయమున కూర్చుండి వ్రాసిన జాబితా పనికిరాదు. అందు మన పార్టీవారి పేర్లే వచ్చును.

ఇక మద్యమును గూర్చి. త్రాగినవాడు తెలిసియు ఏల తప్పు చేయునన్న ప్రశ్నకు క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1990లో ఒక వివరణ ఇచ్చిరి. మద్యము మనసునకు ఒకవిధమైన హ్రస్వదృష్టి కలిగించునట. కంటి యెదుటనున్నది పెద్దదిగ కనబడును, దూరముననున్నది మసకబారును. కోరిక కంటి యెదుట నుండును. వ్యాధి పది సంవత్సరముల దూరమున నుండును. అందుచేత త్రాగియున్న వేళ చెప్పు బుద్ధి చెవికెక్కదు. జేబులో ముందుగనే నిరోధ్ ఉన్నవానికి మాత్రము అది పనికివచ్చును.

అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సెత్ కాలిచ్‌మన్ ఈ విషయమునందే చాల కాలము కృషి చేసిరి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున, షెబీన్లను పేరుగల పేటల సారాదుకాణములకు వచ్చువారితో, అచ్చటి శాస్త్రజ్ఞుడు లీక్‌నెస్ సింబాయీ మొదలగువారితో కూడి ఆయన పనిచేసిరి. 353 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మూడు గంటల శిక్షణ, రెండవదానికి ఒక గంట శిక్షణ ఇచ్చి 2008లో ఫలితములు ప్రకటించిరి. మూడు గంటలు నేర్చినవారు మొదటి మూడు మాసములు చక్కగ జాగ్రత్తపడిరి. ఆరవ మాసమునకు ఆ ఫలితము కరగిపోయినది. కొంచెముగ త్రాగువారికి మేలు కలిగినంత, విపరీతముగ త్రాగువారికి కలుగలేదు. ఒకనాటి సభతో పని ముగిసినదని నివేదిక వ్రాయు మా వంటివారు ఈ ఆరు మాసముల లెక్కను గోడకు అంటించుకొనవలెను.

కాలిచ్‌మన్‌గారి పరిశోధనలలో మన గ్రామములకు మిక్కిలి అవసరమైనది వేరొకటి కలదు. హెచ్.ఐ.వి. ఉన్నవారు దినమును తప్పక ఏ.ఆర్.టి. మాత్రలు వేసికొనవలెను. కొందరు మాటిమాటికి మానుచున్నారు. త్రాగి మరచిపోవుచున్నారని వైద్యులు తలచుచుండిరి. కాలిచ్‌మన్‌గారును సహచరులును అట్లాంటా నగరమున విచారింపగా, మరపు ఒక్కటే కాదని తేలినది. తెలిసి, ఆలోచించియే మానుచున్నారు. మద్యమును ఈ మాత్రయు కలిసిన విషమగునని వారి నమ్మకము. అందుచేత త్రాగిన దినమున మాత్ర మానుదురు. కొందరు మద్యము పూర్తిగ దిగువరకు మానుదురు. మద్యము త్రాగు రోగులను పరీక్షింపగ సుమారు సగము మంది ఇట్లు చేయుచున్నట్లు 2013లో ప్రకటించిన ఫలితములలో నున్నది. అనగా వీరు మాత్రను అశ్రద్ధ చేసినవారు కారు. తమ దేహమును కాపాడుకొనుచున్నామని తలచి దేహమును చెరుపుకొనుచున్నవారు.

టీకొట్టు దగ్గర ఆ మనుష్యుడు మా డ్రైవరు నడిగిన ప్రశ్న ఇదే. "అన్నా, మందు మీద ఆ గోళీ వేసుకోవచ్చా?" మన భాషలో మద్యమునకును మందే, ఔషధమునకును మందే. మందు మీద మందు పడదని మనకొక మాట. మా డ్రైవరు మంచివాడు, ఎవరికిని కీడు తలపెట్టనివాడు. "వద్దులే అన్నా, పొద్దున వేసుకో" అని చెప్పినాడట. అందులో తప్పేమని మమ్ము అడిగినాడు. మేమును అప్పుడు సరియైన జవాబు చెప్పలేక పోయితిమి. ఆ గంట ఉపన్యాసములో వ్యాధి ఎట్లు సోకునో చెప్పితిమి, ఎట్లు సోకదో చెప్పితిమి. వ్యాధితో బ్రదుకుచున్న మనుష్యుడొకడు మా యెదుట కూర్చుండి యుండవచ్చునన్న తలంపే మాకు రాలేదు.

సరియైన జవాబు ఇది. త్రాగిన దినమునను మాత్ర వేసికొనవలెను. వేళకు వేసికొనవలెను. మద్యము మంచిదని దీని యర్థము కాదు. ఎక్కువగ త్రాగిన కాలేయము చెడును, మాత్ర వేళ తప్పును, ఆరోగ్యము క్షీణించును. కావున తగ్గించుమని, మానుమని వైద్యులు చెప్పుదురు. అది వేరు సంగతి. మానలేని దినమున మాత్రను కూడ మానినచో నష్టము రెండింతలగును. మాటిమాటికి మానిన యెడల దేహములోని సూక్ష్మజీవి మరల పెరుగును. మాత్రకు లొంగని రీతిగ మారవచ్చును. క్షయవ్యాధికి కూడ మందులు వాడుచున్నవారు, కాలేయము చెడినవారు తమ మద్యపు అలవాటును వైద్యునితో దాచక చెప్పి సలహా పొందవలెను. ఇంత మాటను మరుసటి వారమే మా డ్రైవరునకు నేర్పితిమి. ఆ మనుష్యుడెవరో అతనికి పేరు తెలియదు.

మాత్ర విలువ ఎంతటిదో తెలియనిచో ఈ విషయపు బరువు తెలియదు. మన దేశమున ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1 నుండి ఈ మందులను ఉచితముగ ఇచ్చుట ప్రారంభించినది. 2017 నుండి వ్యాధి ఏ దశలో నున్నను, హెచ్.ఐ.వి. ఉన్నదని తేలిన ప్రతివారికిని మందులు మొదలు పెట్టు పద్ధతి వచ్చినది. క్రమము తప్పక వాడినవారి రక్తమున సూక్ష్మజీవి పరీక్షకు అందనంతగ అణగిపోవును. అట్లు అణగియున్నంత కాలము వారినుండి భార్యకు గాని భర్తకు గాని కలయిక వలన వ్యాధి సోకదని, ఐరోపాలో దంపతులను, జంటలను సంవత్సరముల తరబడి పరిశీలించి 2016లోను, 2019లోను ప్రకటించిన ఫలితములు తేల్చినవి. గర్భిణి వేళకు మందులు వాడినచో బిడ్డకు సోకు ప్రమాదమును మిక్కిలి తగ్గిపోవును. కావున "పొద్దున వేసుకో" అన్న ఒక్క మాట ఒక్క మనుష్యునితో ఆగునది కాదు. ఇంటిలోని ఇల్లాలి వరకు పోవునది.

పెద్దల మాట వ్యతిరేకముగ పనిచేసిన విషాదమును దక్షిణాఫ్రికా చూచినది. 1999 నుండి 2008 వరకు అధ్యక్షుడుగ నుండిన థాబో ఎంబెకీ, ఎయిడ్స్‌నకు హెచ్.ఐ.వి. కారణమన్న విషయమునే సందేహించెను. ఆయన ఆరోగ్యశాఖ మంత్రిణి వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినుడని చెప్పెను. మందులు ఆలస్యమైనవి. 2000 నుండి 2005 వరకు ఈ ఆలస్యము వలన 3,30,000 మందికి పైగా మరణించిరని హార్వర్డ్ విశ్వవిద్యాలయమువారు 2008లో లెక్కగట్టిరి. ఈ నిరాకరణవాదమును గూర్చియే కాలిచ్‌మన్‌గారు 2009లో ఒక గ్రంథము వ్రాసిరి. దేశాధ్యక్షుని నోట వచ్చినను, ఊరి పెద్దమనిషి నోట వచ్చినను, "పసరు మందుతో పోతుంది, గోళీలు మానెయ్" అన్న మాట చేయు పని ఒకటే.

మన రెండు రాష్ట్రములు ఈ విషయమున నిశ్చింతగ నుండతగినవి కావు. 2021వ సంవత్సరపు జాతీయ అంచనాలలో 15 నుండి 49 ఏండ్ల వయసువారిలో హెచ్.ఐ.వి. ఉన్నవారు దేశమున నూటికి 0.21 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. ఇందాక చెప్పుకొన్న 1,000 మంది వయోజనుల గ్రామమును తలచుకొనుడు. ఈ సగటున చూచిన అందు ఐదారుగురు ఉండవచ్చును. వారెవరో పంచాయతీకి తెలియవలసిన అవసరము లేదు. ఈ మాటను నొక్కి చెప్పుచున్నాము. మంచి చేయవలెనను ఉత్సాహముతోనే కొందరు సభ్యులు "మన ఊరిలో ఎవరెవరికి ఉన్నదో జాబితా ఇప్పించండి, సాయము చేయుదుము" అని ఆశా కార్యకర్తను అడుగుచుందురు. అడుగరాదు. ఆమె చెప్పరాదు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. ఒకరి వ్యాధి సంగతిని వారి సమ్మతి లేక బయటపెట్టుట దాని ప్రకారము తప్పు.  పనిలో, బడిలో, ఆస్పత్రిలో, అద్దె యింటిలో వ్యాధి కారణముగ భేదము చూపుటయు నిషిద్ధము. హెచ్.ఐ.వి. ఉన్నవారిపై ద్వేషము రెచ్చగొట్టువారికి మూడు మాసముల నుండి రెండు సంవత్సరముల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

పేర్లు తెలియకుండ సాయము చేయుట సాధ్యమా అని అడుగవచ్చును. కెల్లీగారి మనుష్యులకు ఎవరి పేర్లు తెలియును? వారు ఎదుటివానికి వ్యాధి ఉన్నదా లేదా అని అడుగలేదు. తమ సంగతి తాము చెప్పుకొనిరి. సర్పంచి తానే పరీక్ష చేయించుకొని, గ్రామసభలో కాక రచ్చబండ దగ్గర "నేనూ వెళ్ళి చేయించుకున్నాను, పది నిమిషాల పని, డబ్బులు అడగలేదు" అనినచో, వినినవారిలో ఎవరు పోవుదురో ఎవరును కనిపెట్టనక్కర లేదు. కల్లు దుకాణము దగ్గర "తాగినా సరే, రోజూ వేసుకునే గోళీ మానకూడదట" అని బి.పి. మాత్రను గూర్చి ఒకరు, ఎయిడ్స్ మాత్రను గూర్చి ఒకరు సామాన్యపు మాటగ అనవచ్చును; ఏ మందుకు ఏ నియమమో వైద్యుని అడుగుమని ఆ వెంటనే చెప్పవలెను. విపరీతముగ త్రాగువానిని పదిమందిలో నిలువదీసి ప్రమాణములు చేయించుట మాత్రము మేము మెచ్చము. అట్టివాడు మరునాడు త్రాగును. ఆ మరునాటి నుండి ఆస్పత్రికి పోవుటయు మానును.

హెచ్.ఐ.వి. పరీక్షయు, దానికి ముందు వెనుకల సలహాయు ప్రభుత్వాస్పత్రులలోని పరీక్షాకేంద్రములందు ఉచితము. వివరములు గోప్యముగ నుంచుదురు. 1097 నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేసి ఎయిడ్స్‌ను గూర్చిన సందేహములు అడుగవచ్చును. మద్యము, మాదక ద్రవ్యముల అలవాటు మానదలచువారికి, వారి కుటుంబములవారికి 14446 నంబరు కలదు. ఈ రెండు నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడ మీద వ్రాయించుటతో పాటు క్షౌరశాల అద్దము ప్రక్కను, టీకొట్టులోను వ్రాయింపుడు. నిరోధ్ పెట్టెను ఉపకేంద్రములో నర్సు బల్ల మీద కాక, అడుగకయే తీసికొనగల చోట నుంచుమని కోరుడు. ఆరు మాసముల తరువాత ఆ పెట్టె ఎన్నిసార్లు నింపవలసి వచ్చినదో నర్సునడిగి తెలిసికొనుడు.